దోస్తు పోతే నన్నెవరు పలకరిస్తారు?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. హనుమకొండలో ఉంటాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నాతో ఒకే బెంచీలో కూర్చున్న దోస్తు రెండున్నర నెలల కింద గుండెపోటుతో చనిపోయాడు. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. వాడికి బండ్లంటే ప్రాణం. 1993లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100ని చివరి ఆదివారం దాకా తనే కడిగి తుడుచుకున్నాడు. 1994 మేడారం జాతరకు దాని మీదే పోయాం. పస్రా దగ్గర క్లచ్ వైరు తెగితే, బండిని తోసి, గేరు వేసి, క్లచ్ లేకుండానే నన్ను తాడ్వాయి దాకా తీసుకుపోయాడు. చనిపోయే ముందు రాత్రి నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. మా అమ్మాయి పెళ్లి మాటల్లో ఉండి ఎత్తలేదు, పొద్దున చేద్దామనుకున్నా. ఇప్పుడు రాత్రి మూడింటికి మెలకువ వచ్చి ఆ మిస్డ్ కాల్స్ చూస్తూ కూర్చుంటున్నా. సాయంత్రం మందు కూడా ఎక్కువైంది. ‘సొంత అన్నదమ్ములు పోయినా ఇన్ని రోజులు ఏడవరు’ అంటోంది మా ఆవిడ. ‘బండిని చూడలేకపోతున్నా, నువ్వే తీసుకుపో అన్నా’ అంటోంది వాడి భార్య. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మా ఇంట్లో జరిగిన ఒక విషయం చెబుతాను. మా నాన్న పోయినప్పుడు ఆయన చిన్ననాటి దోస్తు ఒకాయన పదకొండు రోజులూ మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. వచ్చినవాళ్లంతా ఆయన్ను దాటుకుని లోపలికొచ్చి, మా అమ్మనూ మమ్మల్నీ పలకరించి వెళ్లిపోయేవాళ్లు. ‘తిన్నావా’ అని కూడా ఆయన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కనపడి, మా నాన్న తొమ్మిదో తరగతిలో ఫీజు డబ్బులు పోగొట్టుకుని వడ్డేపల్లి చెరువు కట్ట మీద కూర్చుని ఏడ్చిన సంగతి చెప్పాడు. మా నాన్న ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. నాన్నలో మాకు తెలియని ఒక పిల్లవాణ్ని ఆయన ఒక్కడే దాచుకుని తిరిగాడన్నమాట.

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఆయనే గుర్తొస్తున్నాడు. మీరు ఇప్పుడు ఆ అరుగు మీదే ఉన్నారు. భార్య పోతే, అన్న పోతే మనుషులు ఇంటికొస్తారు, ఇన్ని రోజులు మైల అని లెక్క ఉంటుంది, ఆఫీసులో సెలవిస్తారు. దోస్తు పోతే దినాల నాడు భోజనం చేసి రావడమే. మర్నాడు డ్యూటీ. అమెరికాలో కెన్నెత్ డోకా అనే ప్రొఫెసర్ 1989లో ఇలాంటి దుఃఖానికి ఒక పేరు పెట్టాడు. మన మాటల్లో చెప్పాలంటే, గుర్తింపు దక్కని దుఃఖం. నలుగురూ ఒప్పుకోని ఏడుపు లోపలే ఉండిపోయి రాత్రి మూడింటికి లేపుతుంది. మీకు పిచ్చి పట్టలేదు. మీరు అతిగా చేయడమూ లేదు.

మీ ఆవిడ మాటకు బాధపడ్డారని తెలుస్తోంది. కానీ ఆమె చూసింది నడివయసు గుమాస్తాను. పస్రా దగ్గర బండి తోసిన ఇరవై ఏళ్ల పిల్లగాణ్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ సంగతి నాకు రాశారు గానీ ఆమెకు ఎప్పుడైనా పూర్తిగా చెప్పారా? ఇవాళ రాత్రి అన్నం తిన్నాక చెప్పండి. క్లచ్ వైరు దగ్గర మొదలుపెట్టి తాడ్వాయి దాకా ఏమీ వదలకుండా చెప్పండి.

ఇక ఫోన్ సంగతి. ‘ఎత్తినా ఏమీ మారేది కాదు’ అని చాలామంది మీతో అనే ఉంటారు. నేను అనను. ఆయన ఎందుకు చేశాడో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ రాత్రి ఆయన పక్కన మనిషి ఉంది. వదినను అడిగారా, ఆ సాయంత్రం ఎలా ఉన్నాడు, ఏం మాట్లాడాడు అని? అడగడానికి మీకు భయంగా ఉంది కాబట్టే ఫోన్ స్క్రీన్‌ను అడుగుతున్నారు. అడగండి. ఆయాసంగా ఉందని చెప్పడానికే చేశాడని తేలితే, ఆ బరువు మీది ఒక్కరిదే కాదు, ఆమెదీ అదే బరువు. ఇద్దరూ కలిసి మోయవచ్చు. బండికి ఏదో స్పేర్ పార్ట్ దొరికిందని చెప్పడానికి చేసి ఉండవచ్చు కూడా. నలభై ఏళ్ల దోస్తీలో ఒక్క రాత్రి ఫోన్ ఎత్తకపోవడం ద్రోహం కాదు. పొద్దున చేస్తే ఎత్తుతాడన్న నమ్మకం ఉన్నచోటే మనం అలా వదిలేస్తాం.

మందు గురించి మెత్తగా చెప్పలేను, ఆపండి. తాగితే నిద్ర పట్టినట్టే ఉంటుంది, కానీ మత్తు దిగే వేళకు మెలకువ వస్తుంది. మీ మూడు గంటల మెలకువలో దాని పాత్ర కూడా ఉండే ఉంటుంది. ఈ వారంలోనే బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోండి. మీ ఈడువాడే గుండెపోటుతో పోయాక మీకు ఆ టెన్షన్ లేదంటే నేను నమ్మను. ఆరు నెలలు దాటినా పని మీదికి, తిండి మీదికి మనసు రాకపోతే సైకియాట్రిస్టును కలవాలి. అర్ధరాత్రి అసలే తట్టుకోలేకపోతే, చచ్చిపోదామన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సర్వీసు అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

బండి తెచ్చుకోండి. కానీ మీ బండిగా కాదు. ‘సంవత్సరీకం దాకా నా దగ్గర ఉంటుంది వదినా, బండి మీదే’ అని చెప్పి తెచ్చుకోండి. రెండున్నర నెలల దుఃఖంలో వద్దన్న వస్తువును మనుషులు తర్వాత వెతుక్కుంటారు. బీరువాలో చీరలన్నీ పంచేసి, ఏడాది తిరక్కముందే ఒక్క చీర కోసం అల్లాడిన కూతుళ్లు నాకు తెలుసు. పైగా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది, పోగొట్టుకుంటే షోరూముకు పోయి మళ్లీ కొనుక్కునేది కాదు. ఈలోగా ఎవరైనా మంచి రేటు ఇస్తామని వచ్చినా వదినను తొందరపడనివ్వకండి.

కాగితాల పని మీరే మీద వేసుకోండి. యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువపత్రం జతచేయాలి. మీకింకా రెండు వారాలే ఉంది. ముందు వదిన పేరు మీదికి రానివ్వండి. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్ కావాలి, అదీ ఇన్సూరెన్సూ ఎప్పటిదాకా ఉన్నాయో చూడండి. అవి సరిగా లేకుండా రోడ్డెక్కించకండి.

ఇన్నాళ్లు కదలకుండా ఉంది కనుక పాత పెట్రోలు తీసేసి, కార్బురేటర్ విప్పి జెట్లు శుభ్రం చేయించాలి, ప్లగ్గు తుడవాలి. ఆయనకు పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ఆ పని నాడు పిలవండి. చేతులకు గ్రీజు అంటుకున్నప్పుడు మాటలు తేలిగ్గా వస్తాయి. మొదటి కిక్కుకు ఆ శబ్దం వినగానే మీకు ఏడుపొస్తుంది, రానివ్వండి. ఆ రోజు మాత్రం నడపకండి. ఇంకో రోజు, హెల్మెట్ పెట్టుకుని, పగటిపూట, ములుగు రోడ్డు మీద కొంత దూరం పోయి రండి.

ఒక మాట మిగిలింది. దోస్తుకు మన ఆచారంలో చోటు లేదన్నట్టు రాశాను గానీ, మహాలయ పక్షంలో వదిలే తర్పణాల వరుసలో గురువుతో పాటు స్నేహితుడు కూడా ఉన్నాడు. ఈసారి పెత్రమాస నాడు మీ ఇంటి పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పండి. ఏమవుతాడని అయ్యగారు అడిగితే, దోస్తు అని చెప్పండి.