వేట రైఫిల్ ఏ దేశానిది కొనాలి?

జర్మనీ, ఫిన్లాండ్, అమెరికా, జపాన్ రైఫిళ్లలో వేటకు ఏది మేలని అడిగారు. నాలుగు రకాలూ వాడాను, కొన్ని సొంతవి, కొన్ని స్నేహితులవి. దేశం పేరు చూసి డబ్బు పెట్టే రోజులు పోయాయి. విన్‌చెస్టర్ మోడల్ 70 అచ్చమైన అమెరికా రైఫిల్ అనుకుంటాం, ఇప్పుడు దాన్ని పోర్చుగల్‌లో బిగిస్తున్నారు. వెదర్‌బీ వాన్‌గార్డ్ పేరు అమెరికాది, తయారీ జపాన్‌లోని హోవాది. ఫిన్లాండ్‌లో టిక్కా రైఫిళ్లు చేసే సాకో కంపెనీ ఇటలీ బెరెట్టా చేతిలో ఉంది.

నేను ముందు చూసేది బోల్ట్, అంటే చేత్తో ముందుకు తోసి తూటాను లోపలికి పంపి మూసే కడ్డీ. 1898 నాటి జర్మన్ మౌజర్ పద్ధతిలో, తూటా మ్యాగజైన్ (తూటాలు పెట్టే పెట్టె) నుంచి పైకి రాగానే పంజాలాంటి కొక్కెం దాని అంచును పట్టేస్తుంది. తూటాను ఊరికే ముందుకు తోసే పుష్ ఫీడ్ రైఫిళ్లలో బోల్ట్ పూర్తిగా మూసుకుంటేనే ఆ పట్టు దొరుకుతుంది. ఈ తేడా నాకు ఒక అడవిపంది నేర్పింది. మొదటి గుండు తప్పింది. టెన్షన్‌లో బోల్ట్ ముందుకు తోసి, మూయకుండానే మళ్లీ వెనక్కి లాగాను. లోపలికి వెళ్లిన తూటా అక్కడే ఉండిపోయింది, రెండోది వచ్చి దాని వెనక ఇరుక్కుంది. నేను వేళ్లతో దాన్ని పీక్కుంటుంటే పంది తాపీగా పొదల్లోకి నడిచి వెళ్లిపోయింది. తప్పు రైఫిల్‌ది కాదు, నాదే. కానీ మౌజర్ రకమైతే ఆ తప్పును కాచుకునేది. 1964లో విన్‌చెస్టర్ ఖర్చు తగ్గించుకోవడానికి ఆ కొక్కెం తీసేస్తే కొనేవాళ్లు గొడవ చేశారు. అంతకు ముందువాటికి ఇప్పటికీ గిరాకీ ఉంది.

అలాగని పుష్ ఫీడ్‌ను తీసిపారేయను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది టిక్కానే. బోల్ట్ 70 డిగ్రీలు ఎత్తితే చాలు, మౌజర్‌లా 90 అక్కర్లేదు, చెయ్యి పైనున్న స్కోప్‌కు (గురి చూసే దుర్భిణికి) తగలదు. ప్లాస్టిక్ మ్యాగజైన్ చూస్తే మాత్రం బొమ్మ సామానులా ఉంటుంది. హోవా బరువు, మోస్తే భుజం నొప్పి, కాల్చేటప్పుడు హాయి. జర్మన్ బ్లేజర్ ఆర్8 బోల్ట్‌ను తిప్పక్కర్లేదు, నేరుగా లాగి తోయడమే. నా జేబుకు అందదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

ఇంకో మాట, చెక్క స్టాక్ గురించి, అంటే భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగం. రెండు రోజుల వానలో ఒక రైఫిల్ చెక్క ఉబ్బి బ్యారెల్‌కు, అంటే గుండు వెళ్లే గొట్టానికి, ఆనింది. 100 మీటర్లలో గుండు నాలుగు అంగుళాలు పక్కకు పోయింది. స్కోప్‌ను తిట్టుకుంటూ పూట గడిపాను. బ్యారెల్ స్టాక్‌కు తగలదని చెప్పి అమ్మే రైఫిలైతే, మధ్యలో కాగితం దూర్చి లాగి చూడండి, పట్టకుండా రావాలి.

కొనే ముందు ఖాళీ రైఫిల్‌ను కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. కళ్లు తెరిచేసరికి స్కోప్‌లో నల్లటి నీడ కనిపించి మెడ సర్దుకోవాల్సి వస్తే, అది ఏ దేశానిదైనా పక్కన పెట్టి ఇంకోటి అడగండి.