విండోస్ 11 24హెచ్2 చిక్కులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం విండోస్ 11 24హెచ్2 మీదే. 2024 అక్టోబర్ 1న విడుదలైన ఈ వెర్షన్‌లో నిజమైన బగ్‌లూ ఉన్నాయి, బగ్‌లా కనిపించి కంగారు పెట్టేవీ ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోకుండా ఫైళ్లు తీసేయడం, విండోస్ మళ్లీ వేయడం వల్ల కొందరికి లేని సమస్యలు కొత్తగా వచ్చిపడ్డాయి. కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్ తెరిచి, అబౌట్‌లోకి వెళ్లి 'ఓఎస్ బిల్డ్' అనే వరుస చూడండి. 26100 అని ఉంటే మీది 24హెచ్2, 26200 ఉంటే 25హెచ్2. చుక్క తర్వాతి అంకెలు ఏ నెల ప్యాచ్ దాకా వచ్చిందో చెబుతాయి. 2025 సెప్టెంబర్ 30న వచ్చిన 25హెచ్2 కూడా ఇదే కోడ్ మీద నడుస్తుంది. అందువల్ల కింది జవాబుల్లో చాలావరకు దానికీ పనికొస్తాయి.

ప్ర: సీ డ్రైవ్‌లో 'ఐనెట్‌పబ్' అనే ఖాళీ ఫోల్డర్ దానంతటదే పుట్టుకొచ్చింది. వైరస్ అనుకుని డిలీట్ చేశాను. అది ఉండాల్సిందేనని ఇప్పుడు అంటున్నారు. నిజమేనా?

జ: నిజమే, ఉండాలి. 2025 ఏప్రిల్ 8న వచ్చిన కేబీ5055523 ప్యాచ్ (కేబీ అంకె అంటే ఒక్కో ప్యాచ్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఆ ఫోల్డర్‌ను కావాలనే పెట్టింది. మామూలుగా అది విండోస్‌లోని వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్ వాడేవాళ్ల దగ్గరే కనిపిస్తుంది. ఐఐఎస్ జోలికే వెళ్లనివారికి అది చూసి అనుమానం రావడంలో తప్పేమీ లేదు. ఆ ప్యాచ్‌తో పాటు ఒక్క ముక్క వివరణ ఇచ్చి ఉంటే ఇంతమంది దాన్ని తీసేసేవారు కాదు.

సంగతేమిటంటే, సీవీఈ-2025-21204 అనే భద్రతా లోపం ఒకటి బయటపడింది. విండోస్ అప్‌డేట్ పనులు 'సిస్టమ్' అధికారంతో నడుస్తాయి. ఫైళ్లను చూసుకుంటూ వెళ్లేటప్పుడు దారిలో లింక్ (ఒక ఫోల్డర్ నుంచి ఇంకో చోటికి మళ్లించే గుర్తు) తగిలితే, అది ఎటు చూపితే అటు పోయే అవకాశం ఉండేది. ఆ మెషీన్‌లో మామూలు ఖాతా ఉన్న వ్యక్తి అలాంటి లింక్ పెట్టి, తనకు లేని అధికారంతో పని జరిపించుకోవచ్చు. ఆ దారి మూసే మార్పుల్లో ఈ ఫోల్డర్ ఒక భాగం.

పోయిందని రైట్ క్లిక్ చేసి అదే పేరుతో కొత్త ఫోల్డర్ చేస్తే సరిపోదు. పేరు ఒకటే అవుతుంది గాని అనుమతులు వేరుగా ఉంటాయి. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్, అందులో ఎడమవైపు 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్' తెరవండి. 'ఇంటర్నెట్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్' పక్కన టిక్ పెట్టి ఓకే నొక్కండి. సరైన అనుమతులతో ఫోల్డర్ తిరిగి వస్తుంది. వెబ్ సర్వర్ మీకు అక్కర్లేదు కాబట్టి అదే చోట టిక్ తీసేసి రీస్టార్ట్ చేయండి, ఫోల్డర్ అలాగే మిగులుతుంది. దాని ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ తెరిస్తే ఓనర్ దగ్గర 'సిస్టమ్' అని ఉండాలి. మీ పేరు ఉంటే అది మీరు చేతితో చేసినదే. దాన్ని తీసేసి పైన చెప్పిన పని మళ్లీ చేయండి.

ప్ర: డిస్క్ క్లీనప్ ఎన్నిసార్లు నడిపినా 'విండోస్ అప్‌డేట్ క్లీనప్' దగ్గర 8.63 జీబీ అలాగే ఉంటోంది. ఎలా తీయాలి?

జ: తీయడానికి అక్కడ అంత సరుకు లేదు. 24హెచ్2 విడుదలైన కొత్తలో బయటపడిన లెక్క తప్పు ఇది. మొదటిసారి నడిపినప్పుడే శుభ్రం చేయాల్సింది చేసేస్తుంది, ఆ తర్వాత చూపే అంకె మాత్రం తప్పు. నమ్మకం కుదరకపోతే క్లీనప్‌కు ముందు, తర్వాత సీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో ఖాళీ జాగా ఎంతుందో రాసుకుని పోల్చండి. బిల్డ్‌ను తాజా ప్యాచ్ దాకా తెచ్చుకుంటే చాలు.

ఈ అంకె చూసి 'విన్‌ఎస్ఎక్స్ఎస్' ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లు తీసేసిన వారు ఇద్దరు ముగ్గురు రాశారు. దయచేసి ఆ పని చేయకండి. అందులోని చాలా ఫైళ్లు విండోస్‌లోని ఇతర ఫోల్డర్ల ఫైళ్లే. డిస్క్ మీద ఒక్కసారే ఉండి, రెండు చోట్ల రెండు పేర్లతో కనిపిస్తాయి. అందుకే ఎక్స్‌ప్లోరర్ ఆ ఫోల్డర్ సైజును ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. చేతితో తీస్తే జాగా పెద్దగా మిగలదు సరికదా, తర్వాతి ప్యాచ్ ఎక్కకుండా మొరాయిస్తుంది.

ప్ర: 24హెచ్2కి మారినప్పటి నుంచి నీలి తెర వచ్చి లాప్‌టాప్ రీస్టార్ట్ అవుతోంది. 'క్రిటికల్ ప్రాసెస్ డైడ్' అని చూపిస్తోంది. ఎస్ఎస్‌డీ 2 టీబీ. పోయినట్టేనా?

జ: పోయిందని అప్పుడే తీర్మానించకండి. ఇది బాగా తెలిసిన సమస్య అయ్యే అవకాశం ఉంది. ముందు డివైస్ మేనేజర్‌లో 'డిస్క్ డ్రైవ్స్' తెరిచి మోడల్ చూడండి. వెస్టర్న్ డిజిటల్ ఎస్ఎన్770, ఎస్ఎన్580 రకాల్లో 2 టీబీ డ్రైవ్‌లకు 24హెచ్2తో ఈ గొడవ వచ్చింది. తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి నీలి తెర వచ్చిన సమయానికి వెతకండి. 'రైడ్‌పోర్ట్' మీద కంట్రోలర్ ఎర్రర్ అని వరుసగా కనిపిస్తే అనుమానం బలపడినట్టే.

ఈ డ్రైవ్‌లలో సొంత డీర్యామ్ (మెమరీ) చిప్ ఉండదు. ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టిక కోసం కంప్యూటర్ మెమరీలోనే కొంత అప్పు తీసుకుంటాయి. దాన్ని హెచ్‌ఎంబీ అంటారు. పాత వెర్షన్ల విండోస్ 64 ఎంబీ ఇచ్చేది. 24హెచ్2 మాత్రం డ్రైవ్ అడిగిన 200 ఎంబీ మొత్తం ఇచ్చేసింది. అంత మెమరీని సరిగా వాడుకోవడం ఆ డ్రైవ్‌లలోని పాత ఫర్మ్‌వేర్‌కు, అంటే డ్రైవ్ లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు, చేతకాలేదు. అడిగింది ఇచ్చాక కూలిపోతే తప్పు డ్రైవ్‌దే. అందుకే మందు కూడా విండోస్‌లో కాక ఫర్మ్‌వేర్‌లో ఉంది.

ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌కు కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ (డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) రికవరీ కీ, అంటే 48 అంకెల సంఖ్య, కాగితం మీద రాసి పెట్టుకోండి. 24హెచ్2ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా వేసుకుంటే చాలా మెషీన్లలో ఎన్‌క్రిప్షన్ అడగకుండానే ఆన్ అవుతుంది. మీరు ఆన్ చేయలేదు కాబట్టి కీ అక్కర్లేదని అనుకోవద్దు, ఆ ఖాతా పేజీలో వెతికితే దొరుకుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ ఉంటే 'సస్పెండ్ ప్రొటెక్షన్' నొక్కండి. చార్జర్ తగిలించి, డ్రైవ్ తయారీదారు డ్యాష్‌బోర్డ్ యాప్‌తో ఫర్మ్‌వేర్ ఎక్కించి, రీస్టార్ట్ చేయండి. విండోస్ లోపలి సెట్టింగ్‌ల పట్టిక అయిన రిజిస్ట్రీలో హెచ్‌ఎంబీని ఆపేసే చిట్కా కూడా చలామణిలో ఉంది. అది నీలి తెరను ఆపుతుంది గాని డ్రైవ్ నెమ్మదిస్తుంది. ఇప్పటికే వాడి ఉంటే ఫర్మ్‌వేర్ ఎక్కాక ఆ మార్పు వెనక్కి తీసేయండి.

ప్ర: 2025 ఆగస్టు ప్యాచ్ ఎస్ఎస్‌డీలను చంపేస్తుందని విన్నాను. ఆపేసి కూర్చున్నాను.

జ: ఆపాల్సిన పని లేదు. కేబీ5063878 గురించి ఆ కబురు పాకింది. డ్రైవ్ 60 శాతానికి పైగా నిండి ఉండగా 50 జీబీ దాకా ఏకబిగిన రాస్తే మాయమవుతోందని చెప్పుకున్నారు. కంట్రోలర్లు చేసే ఫైసన్ సంస్థ 4,500 గంటలకు పైగా పరీక్షించినా అలా జరగలేదు. తమ ప్యాచ్‌కు సంబంధం కనిపించలేదని మైక్రోసాఫ్ట్ కూడా చెప్పింది. పై ప్రశ్నలోని 200 ఎంబీ సమస్య వేరు, ఇది వేరు. రెండింటినీ కలిపి చూడకండి. ప్యాచ్‌లు ఆపుకుని కూర్చోవడం వల్ల జరిగే నష్టం మాత్రం ఖాయం.

ప్ర: రికవరీ తెర దాకా వెళ్తే అక్కడ కీబోర్డు, మౌస్ రెండూ చచ్చుబడ్డాయి. విండోస్‌లో మాత్రం బాగానే పనిచేస్తున్నాయి.

జ: మీ కీబోర్డు, పోర్టు రెండూ బాగున్నాయి. 2025 అక్టోబర్ 14న వచ్చిన కేబీ5066835, అంటే బిల్డ్‌లో చుక్క తర్వాత 6899, ఈ పని చేసింది. రికవరీ తెర అనేది మీ విండోస్‌లో భాగంగా నడవదు. అది పక్కన విడిగా ఉన్న ఓ బుల్లి విండోస్, దాని డ్రైవర్లు దానివే. ఆ ప్యాచ్ తర్వాత అందులో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయడం మానేశాయి. రిపేర్ చేసుకోవడానికి ఉన్న ఒక్క గది తలుపే బిగుసుకుపోయింది కాబట్టి నా లెక్కన ఈ వెర్షన్‌లో వచ్చిన బగ్‌లలో ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఆరు రోజుల్లో, అక్టోబర్ 20న, కేబీ5070773 పేరుతో అత్యవసర ప్యాచ్ వచ్చింది.

విండోస్ తెరుచుకుంటోంది కాబట్టి మీకు దారి సులువు. అప్‌డేట్స్ నడిపి ఆ ప్యాచ్ గాని, తర్వాతిది ఏదైనా గాని ఎక్కించండి. ఎక్కాక ఊరుకోకుండా పరీక్ష చేయండి: సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ తెరిచి 'అడ్వాన్స్‌డ్ స్టార్టప్' పక్కన 'రీస్టార్ట్ నౌ' నొక్కండి. నీలి తెర మీద పెద్ద బటన్లు వస్తాయి. కింది బాణం నొక్కితే వెలుగు ఒక బటన్ నుంచి ఇంకోదానికి జరగాలి. జరిగితే 'కంటిన్యూ' మీద ఎంటర్ కొట్టి బయటికి రండి.

విండోస్ అసలు తెరుచుకోనివారికి మూడు దారులు: టచ్ తెర ఉంటే దాంతో నడపడం, గుండ్రటి పీఎస్/2 పోర్టు ఉన్న డెస్క్‌టాప్ అయితే ఆ రకం కీబోర్డు తగిలించడం, లేదా ముందే చేసి పెట్టుకున్న యూఎస్‌బీ రికవరీ డ్రైవ్‌తో బూట్ చేయడం. మూడోది లేనివారు మెషీన్ బాగున్న ఈ రోజే ఒకటి చేసుకోండి.

ప్ర: టాస్క్ మేనేజర్‌ను మూసి తెరిచిన ప్రతిసారీ జాబితాలో ఇంకో టాస్క్ మేనేజర్ చేరుతోంది. లెక్కపెడితే పదకొండు ఉన్నాయి!

జ: మీరు 2025 అక్టోబర్ 28 నాటి ప్రివ్యూ ప్యాచ్ కేబీ5067036 వేసుకున్నారు. అందులో మూల ఉన్న ఎక్స్ గుర్తు నొక్కితే కిటికీ మూసుకుంటుంది గాని ప్రాసెస్ ఆగదు. ఒక్కొక్కటి తినేది కొద్ది ఎంబీలే అయినా పోగుపడితే మెషీన్ బరువెక్కుతుంది. ఒక్కోదాన్ని ఎంచుకుని 'ఎండ్ టాస్క్' నొక్కండి, లేదా రీస్టార్ట్ చేయండి. నవంబర్ 11 నాటి కేబీ5068861తో ఇది సరయింది. నెలాఖరున వచ్చే ప్రివ్యూ ప్యాచ్‌లు తప్పనిసరి కావు. రోజూ పని చేసుకునే మెషీన్‌లో వాటిని వదిలేసి, రెండో మంగళవారం వచ్చేవి వేసుకుంటే మేలు.

ప్ర: లాక్ స్క్రీన్ మీద పాస్‌వర్డ్ గుర్తు కనిపించడం లేదు.

జ: గుర్తు మాయమైంది గాని బటన్ అక్కడే ఉంది. మిగతా సైన్ ఇన్ గుర్తుల వరుసలో అది ఉండాల్సిన ఖాళీ చోటికి మౌస్ తీసుకెళ్లి క్లిక్ చేయండి, పాస్‌వర్డ్ పెట్టె తెరుచుకుంటుంది. 2025 ఆగస్టు చివరి ప్రివ్యూ ప్యాచ్ నుంచి మొదలైన లోపమిది.

ప్ర: విండోస్ 11 ప్రోలో 24హెచ్2 రాగానే పాత నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్ పరికరం)లోని ఫోల్డర్లు తెరుచుకోవడం మానేశాయి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వాడేవాళ్లం.

జ: ఇది బగ్ కాదు, తెలిసి చేసిన మార్పు. నెట్‌వర్క్ ఫోల్డర్లతో మాట్లాడేటప్పుడు ప్రతి సందేశానికీ సంతకం ఉండాలని 24హెచ్2 ప్రో పట్టుబడుతుంది. ఆ సంతకానికి కావలసిన తాళంచెవి లాగిన్ పాస్‌వర్డ్ ఆధారంగా తయారవుతుంది. గెస్ట్‌కు పాస్‌వర్డే లేదు కాబట్టి తాళంచెవి లేదు, సంతకమూ లేదు. ఆ పైన ప్రోలో గెస్ట్ ప్రవేశాన్నే మూసేశారు.

నాస్‌లోనే సరిచేయండి. దాని ఫర్మ్‌వేర్ తాజా చేసి, ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) సెట్టింగ్స్‌లో 'సైనింగ్' ఆన్ చేసి, పాస్‌వర్డ్‌తో ఒక యూజర్‌ను సృష్టించండి. విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి పాత ఎంట్రీ తీసేసి కొత్త పేరుతో కనెక్ట్ అవ్వండి. నాస్ మరీ పాతదై సైనింగ్ చేయలేకపోతేనే లోకల్ సెక్యూరిటీ పాలసీలోకి వెళ్లండి. లోకల్ పాలసీస్, సెక్యూరిటీ ఆప్షన్స్‌లో 'మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ క్లయింట్: డిజిటల్లీ సైన్ కమ్యూనికేషన్స్' అని రెండు వరుసలుంటాయి. వాటిలో 'ఆల్వేస్' అని ఉన్నదాన్ని డిజేబుల్ చేయాలి. అలా చేస్తే దారిలో ఎవరైనా డేటా మార్చినా మీ మెషీన్ కనిపెట్టలేదు. కొత్త నాస్ వచ్చేదాకా నడిపే ఏర్పాటుగానే చూడండి.

ప్ర: నాది 11వ తరం ఇంటెల్ కోర్ లాప్‌టాప్. 24హెచ్2 రానే రావడం లేదు. యూఎస్‌బీతో బలవంతంగా వేసేయనా?

జ: వద్దు. నీలి తెర రాకూడదనే మైక్రోసాఫ్ట్ మీ మెషీన్‌కు 24హెచ్2 ఇవ్వకుండా ఆపి ఉండొచ్చు. డివైస్ మేనేజర్‌లో 'సిస్టమ్ డివైసెస్' కింద ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ ఆడియో కంట్రోలర్ డ్రైవర్ వెర్షన్ చూడండి. 10.29.0.5152 గాని 10.30.0.5152 గాని ఉంటే అదే అడ్డు. లాప్‌టాప్ తయారీదారు సపోర్ట్ పేజీ నుంచి 10.29.00.5714 లేదా 10.30.00.5714, లేదా వాటి తర్వాతి డ్రైవర్ వేయండి. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు: 10.30 అని ఉన్నంత మాత్రాన అది 10.29 కన్నా కొత్తది కాదు, చూడాల్సింది చివరి నాలుగు అంకెలు. డ్రైవర్ మారాక 48 గంటల దాకా ఆగండి, 24హెచ్2 దానంతటదే అప్‌డేట్స్ పేజీలో కనిపిస్తుంది.

యూఎస్‌బీ అన్నారు కాబట్టి ఇంకొకటి. 2024 అక్టోబర్ 8 నుంచి నవంబర్ 12 మధ్య విడుదలైన ప్యాచ్‌లు కలిపి తయారైన 24హెచ్2 యూఎస్‌బీ మీ దగ్గర ఉంటే దాన్ని చెరిపేయండి. దాంతో వేసిన విండోస్‌కు ఆ తర్వాతి భద్రతా ప్యాచ్‌లు అందకుండా పోయే లోపం ఉంది. ఇప్పటికే దాంతో వేసేసి ప్యాచ్‌లు రాకపోతే, 2024 డిసెంబర్ గాని ఆ తర్వాతి నెలల ప్యాచ్‌లు గాని కలిసిన కొత్త యూఎస్‌బీతో విండోస్ మళ్లీ వేయాలి.