తవ్వకానికి వెళ్తున్న మేనకోడలికి: ప్రాచీనుల తిండిని వెతకడం గురించి

చిరంజీవి మేనకోడలికి మామయ్య శుభాశీస్సులతో వ్రాయునది.

రాయలసీమలో నవీన శిలాయుగపు దిబ్బ తవ్వకంలో ఆనాటి ఆహారపు ఆనవాళ్లు సేకరించే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలాకాలం ఈ పనిలోనే ఉన్నవాణ్ణి గనుక, నీవు బయలుదేరేలోగా కొన్ని విషయాలు రాసి పంపుతున్నాను.

మన నేలల్లో నాలుగు వేల ఏళ్ల కిందటి గింజ పచ్చిగా నిలవదు. మాడి బొగ్గయినదే నిలుస్తుంది. వండి తినేసిన సంకటి ఏ గుర్తూ మిగల్చదు. పొయ్యిలో ఒలికినవి, వేయించేటప్పుడు మాడినవి, చెరిగిన పొట్టుతో పాటు నిప్పులో పడినవి మాత్రమే మన చేతికి వస్తాయి. అందువల్ల ఉలవలు ఎక్కువ దొరికాయంటే వాటినే ఎక్కువ తిన్నారని కాదు, అవి ఎక్కువసార్లు నిప్పు దగ్గరికి వచ్చాయని మాత్రమే చెప్పగలం. ఆకుకూరలు, దుంపలు, పాలు ఈ లెక్కలోకి దాదాపు రానే రావు. నీవు రాసే ప్రతి వాక్యం వెనుకా ఈ సంగతి ఉండాలి.

నీకంటే ముందు నడిచినవారి సంగతి కూడా తెలుసుకో. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను తవ్వి, అది పశువుల దొడ్డిలో పేరుకున్న పేడ కాలగా ఏర్పడిందని, పొరల మీద గిట్టల ముద్రలు కూడా ఉన్నాయని చూపించాడు. దాంతో ఆనాటివారు ప్రధానంగా పశుపోషకులన్న అభిప్రాయం స్థిరపడింది. మట్టిని నీళ్లలో తేల్చి గింజలు తీయడం మొదలయ్యాకే వారి సేద్యం స్పష్టంగా బయటపడింది. బళ్లారి దగ్గరి సంగనకల్లులోను, కడప జిల్లా హనుమంతరావుపేట, పెద్దముడియం వంటి చోట్ల నుంచి తెచ్చిన మట్టిలోను డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు గుర్తించినవి ముఖ్యంగా ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్రకు దగ్గరి చుట్టమైన మరొక గడ్డి ధాన్యం. గోధుమ, యవలు, సజ్జ, కంది వంటివి తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఇప్పుడు పట్నాల దుకాణాల్లో సిరిధాన్యమని ఖరీదు కట్టి అమ్ముతున్న అండుకొర్రలు ఆ మెట్ట నేలల్లో మొదటి పంటల్లో ఒకటని తెలిస్తే కొనేవారు ఏమనుకుంటారో!

ఇక పని విషయం. పొయ్యి ఒక్కదాని నుంచే మట్టి తీసి తృప్తి పడవద్దు. నేలమట్టం, చెత్తగుంట, బూడిద పొర, ఏమీ లేదనిపించే పొర, అన్నిటి నుంచీ ఒకే కొలతలో తీసుకో. సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ పెట్టు. తడికి చెరిగిపోని సిరాతో రాయి. బక్కెట్టులో నీళ్లు పోసి, మట్టిని కొద్దికొద్దిగా జారవిడిచి, చేత్తో నెమ్మదిగా కదిపితే బొగ్గు పైకి తేలుతుంది. దాన్ని అర మిల్లీమీటరు కంటే సన్నటి కన్నాల జల్లెడలోకి వంచు. అండుకొర్ర గింజ ఎంత చిన్నదో నీకు తెలుసు కదా, ముతక జల్లెడ వాడితే ఉలవలే మిగిలి చిరుధాన్యాలు కాలువలో కొట్టుకుపోతాయి. నల్లరేగడి గడ్డలు విడిపోకపోతే నీళ్లలో వంటసోడా కలిపి నాననివ్వు, బలవంతంగా నలపకు. తేలినదాన్ని గుడ్డలో మూటగట్టి నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే బొగ్గయిన గింజ పగిలి ముక్కలవుతుంది. అడుగున మిగిలిన గులకను కూడా పారబోయవద్దు, చేప ముల్లు వంటివి అందులోనే ఉంటాయి.

గుర్తుపట్టేటప్పుడు పుస్తకంలోని బొమ్మను మాత్రమే నమ్ముకోకు. ఊళ్లలో తిరిగి రైతుల దగ్గర గింజలు అడిగి తెచ్చుకుని, కొన్నిటిని నీవే మాడ్చి పక్కన పెట్టుకుని పోల్చు. మాడిన పెసర బద్దా మినప బద్దా పైకి ఒకేలా ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద లోపలి వైపు చూస్తే, మొలక ఉన్న గాడి పెసరలో బద్ద పొడవులో మూడింట రెండు వంతుల దాకా సాగి ఉంటుంది, మినుములో సుమారు సగం దగ్గరే ఆగిపోతుంది. పొట్టూడిన చిరుధాన్యాలతో మరింత జాగ్రత్త అవసరం. పూర్వం రాగులని ప్రకటించిన గింజలను మళ్లీ పరీక్షించినప్పుడు కొన్నిచోట్ల వేరే చిరుధాన్యాలని తేలింది. నిర్ణయించలేని గింజను నిర్ణయించలేనిదిగానే నమోదు చెయ్యి.

నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలిస్తుంది, ఆ నెర్రెల్లోకి నిరుడు పండిన గింజ కూడా జారుతుంది. చీమలు మోసుకుపోయేవి వేరే. మాడని గింజ కనిపిస్తే అది నేటిదేనని అనుకో. మాడినదైనా, ఆశ్చర్యం కలిగించేంత పాతదిగా అనిపిస్తే, పొరలోని బొగ్గును కాక ఆ గింజనే వయసు తేల్చే రేడియో కార్బన్ పరీక్షకు పంపించు.

వంట చేసినట్టున్న కుండపెంకులు కొన్నిటిని, అవి పీల్చుకున్న కొవ్వును పరీక్షించడానికి, కడగకుండా అల్యూమినియం రేకులో చుట్టు. చేతులకు క్రీములు రాసుకుని ముట్టవద్దు, ప్లాస్టిక్ సంచిలో నేరుగా వేయవద్దు. లేకపోతే పాత వంటకు బదులు క్రీము, ప్లాస్టిక్‌ల జిడ్డే పరీక్షలో కనిపిస్తుంది. పెంకు పక్కనున్న మట్టిని కూడా కాస్త జతచెయ్యి. రాఖీగఢీ తదితర హరప్పా స్థలాల పెంకుల్లో జంతువుల కొవ్వు ఎక్కువగా కనిపించిందని 2020లో వెలువడిన పరిశోధన చెప్పగానే పత్రికలు రకరకాల శీర్షికలు పెట్టాయి. అయితే పంది కొవ్వును పోలిన ఫలితాలు వచ్చినా అక్కడి పంది ఎముకలు చాలా తక్కువ. మాంసమూ మొక్కల పదార్థమూ ఒకే కుండలో వండినా అలాంటి ఫలితం రావచ్చు.

పానీయాల విషయంలో నీకు మరొక చిక్కు ఉంది. ఇరాన్‌లోని హజ్జీ ఫిరూజ్ టెపెలో వంటగది నేలలో పాతిన జాడీలలో ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం, చెట్టు జిగురు ఆనవాళ్లు దొరికినందున, క్రీ.పూ. 5400-5000 నాటి ద్రాక్ష సారా అని నిర్ణయించారు. ఆ ప్రాంతంలో ఆ వాదన నిలుస్తుంది. మన దగ్గర చింతపండు నిండా అదే ఆమ్లం. నీ కుండలో అది కనిపించినంత మాత్రాన సారా అని ఎవరైనా తొందరపడితే, పులుసు మాట ఏమిటని అడుగు.

ఎముకల పని వేరొకరు చూస్తారు గనుక దాని గురించి రాయను; కోతగాట్లున్న వాటిని మాత్రం నీ గింజల పొర సంఖ్యతోనే భద్రపరచమని వారికి చెప్పు. చివరగా, ఏమీ దొరకని సంచుల జాబితాను కూడా నివేదికలో చేర్చు, ఎన్ని లీటర్ల మట్టి కడిగావో ప్రతిదానికీ రాయి. అది లేకపోతే, మరొకరు తమ దిబ్బను నీ దిబ్బతో పోల్చి చూడడానికి వీలుండదు.

ఇట్లు,
మీ మామయ్య