80 వేల ల్యాప్‌టాప్ కొనేముందు ఆ ఒక్క లైను చదివించండి

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి యార్డులో గుమాస్తాగా చేస్తున్నాను. మా బాబు విజయవాడ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్ఈ రెండో సంవత్సరం. మొన్న ల్యాబ్ వైవాలో "నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఏ ఆర్కిటెక్చర్ విండోస్" అని అడిగితే చెప్పలేక నిలబడిపోయాడట. ఇంటికొచ్చి ఈ ల్యాప్‌టాప్‌తో లాభం లేదు, 80 వేలు పెట్టి కొత్తది కొను, అమీర్‌పేటలో ఏఐ కోర్సులో చేర్పించు అని పట్టుబట్టాడు. పోయినేడాదే సెకండ్ హ్యాండ్‌లో కొని, ర్యామ్ 8 జీబీ చేయించి, విండోస్ 10 వేయించాను. అయినా స్లో. పైథాన్ లైబ్రరీలు ఎక్కట్లేదంటాడు. ఏఐ కోర్సు మంచిదా, హార్డ్‌వేర్-నెట్‌వర్కింగ్ మంచిదా, పోల్చి చెప్పండి. నిద్ర పట్టడం లేదు.

జవాబు: సార్, ముందు ఈ రాత్రికి పడుకోండి. వైవాలో ఒక ప్రశ్నకి నోరు పెగల్లేదని ఎవరి ఇంజినీరింగూ ఆగిపోలేదు. బ్రాడీపేటలో నా దగ్గరికొచ్చే పిల్లల్ని ఇదే అడిగితే చాలామంది "విండోస్ 10 సార్" అని ఊరుకుంటారు, ఫస్ట్ క్లాసు వాళ్ళతో సహా. ఏఐయా నెట్‌వర్కింగా అని మీరు అడిగారు గానీ, ఉత్తరం మొత్తం చదివితే నాకు వినపడింది వేరే మాట. "మావాడికి అసలేమైనా వస్తోందా, ఇంత డబ్బు పోసి తప్పు చేశానా" అని. ఆ భయం గురించి చెప్తాను, కానీ ముందు ఆ 8 జీబీ సంగతి. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

పోయినేడాది ఒకబ్బాయి ఇలాగే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వచ్చి, దీన్ని మార్చేయమని నాన్నకి చెప్పండి సార్ అన్నాడు. తెరవమన్నాను. సెట్టింగ్స్, అందులో సిస్టమ్, కిందికి జరిగితే అబౌట్. ర్యామ్ దగ్గర 8 జీబీ అని ఉంది, దాని పక్కనే వాడుకోగలిగింది మూడు చిల్లర జీబీయే అని ఉంది. దాని కింద సిస్టమ్ టైప్ లైను: 32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 బేస్డ్ ప్రాసెసర్. అదే లైను రోజూ వాడి కళ్ళముందు ఉంది, ఏడాదిలో ఒక్కసారి చదవలేదు.

వైవాలో అడిగిన ఆర్కిటెక్చర్ అంటే ఇదే, 32-బిట్‌దా 64-బిట్‌దా అని. ఆ లైనులో కామాకి ముందున్నది ఇప్పుడు మెషీన్‌లో ఎక్కించిన విండోస్ ఏదో చెప్తుంది, కామా తర్వాతది లోపలున్న చిప్ దేన్ని మోయగలదో చెప్తుంది. ఎక్స్64 అంటే 64-బిట్ మోయగల చిప్. పిల్లలు అది చూసి విండోస్ కూడా 64 అనేస్తారు. యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) మీద రాసిన రకం చూసి మీరు ధర కట్టరు కదా, చెయ్యి లోపలికి పోనిచ్చి నాలుగు కాయలు తీసి విరిచి చూస్తారు. ఇదీ అంతే.

మీ ల్యాప్‌టాప్‌లోనూ అదే ఉండొచ్చని నా అనుమానం. షాపువాళ్ళు చేతికందిన పాత పెన్‌డ్రైవ్‌తో 32-బిట్ విండోస్ ఎక్కించి పంపేస్తుంటారు, అన్నీ తెరుచుకుంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ర్యామ్‌లో ఒక్కో బైటుకి ఒక్కో చిరునామా ఉండాలి. 32 బిట్లతో వేయగలిగిన చిరునామాలు 429 కోట్ల 49 లక్షల పైచిలుకు, అంటే సరిగ్గా 4 జీబీ. అందులోనూ కొంత గ్రాఫిక్స్‌లాంటి వాటికి పోతుంది. మిగతా ర్యామ్ డబ్బులిచ్చి కొని గోడౌన్‌లో తాళమేసినట్టే. టెన్సర్‌ఫ్లో, పైటార్చ్‌లాంటి ఏఐ పైథాన్ లైబ్రరీలు 32-బిట్ విండోస్‌కి అసలు ఇవ్వరు, అందుకే ఎక్కించబోతే తగిన వెర్షన్ దొరకలేదని ఎర్ర అక్షరాలు వస్తాయి. ఒకవేళ విండోస్ 64 అనే తేలితే పైథాన్ 32 ఏమో చూడమనండి, అదీ మామూలే.

ఇంకో తమాషా. కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల విండోలో, ఎకో కొట్టి ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ అనే వేరియబుల్ అడిగితే ఇంటెల్ చిప్ ఉన్న 64-బిట్ విండోస్‌లో కూడా ఏఎమ్‌డీ64 అని వస్తుంది. "నాది ఇంటెల్ కదా సార్, షాపులో మోసం చేశారా" అని కంగారుపడి ఫోన్ చేసినవాళ్ళున్నారు. మన ఇళ్ళల్లో కనిపించే ఈ 64-బిట్ పద్ధతిని ముందు తెచ్చింది ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎమ్‌డీ, 2003లో చిప్‌లు వచ్చాయి, ఇంటెల్ తర్వాత అదే దారి పట్టింది, పేరు అలా ఉండిపోయింది. వైవాలో ఈ ముక్క చెప్తే ఎగ్జామినర్ నవ్వి మార్కులేస్తాడు.

32 ఉన్నచోట దాన్నే 64గా పెంచడం కుదరదు, చెరిపి మళ్ళీ ఎక్కించాలి. ఫొటోలు, ప్రాజెక్టులు ముందు వేరే డిస్క్‌లోకి తీసుకోవాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11లో 32-బిట్ అనేదే లేదు, పాత ప్రాసెసర్ అయితే అది ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు విండోస్ బదులు ఉబుంటు అనే లైనక్స్ వేసుకోమనండి. అక్కడ టెర్మినల్‌లో యూనేమ్ అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ ఎమ్ అంటే ఎక్స్86_64 అని చెప్తుంది. పాత 32 అయితే ఐ686 అనో మరోటో వస్తుంది. ఫోన్లలో ఉండే రకం ఆర్మ్ చిప్ అయితే ఏఆర్చ్64.

ఇప్పుడు మీ మీద కోపం. ల్యాప్‌టాప్ కొన్నది మీరు, ర్యామ్ వేయించింది మీరు, విండోస్ వేయించింది మీరు, స్లో అయితే షాపుకి మోసుకెళ్ళేది కూడా మీరే అయ్యుంటారు. వీటిలో మీవాడు ఎక్కడున్నాడు సార్? కంప్యూటర్ ఇంజినీరు కావలసిన కుర్రాడు తన మెషీన్‌లో ఏముందో చూసుకునే అవకాశం మీరు ఎప్పుడిచ్చారు? ఈ ఉత్తరం కూడా మీరే రాశారు. పాడుచేస్తాడేమో అన్న భయం నాకు తెలుసు, కష్టపడ్డ డబ్బు అది. కానీ పాత ల్యాప్‌టాప్ ఉన్నదే పాడుచేసుకోవడానికి. రెండుసార్లు విండోస్ ఎగిరిపోతే మూడోసారి వాడే ఎక్కిస్తాడు, ఆ పని ఏ కోర్సూ నేర్పదు.

ఏఐ కోర్సు గురించి దాపరికం లేకుండా చెప్తాను. రెండేళ్ళ క్రితం వరకూ నేనే కొంతమందిని అటు పంపాను, ఇప్పుడు ఆ మాట అంత ధైర్యంగా అనలేకపోతున్నాను. వెళ్ళొచ్చినవాళ్ళు ప్రాజెక్టు అని చూపించేది చాలావరకు ఒకటే నోట్‌బుక్ (కోడ్ రాసి నడిపే ఫైలు), పేరు మాత్రం మారుతుంది. మాస్టారు ఇచ్చిన సెల్‌ని, అంటే అందులోని కోడ్ ముక్కని, రన్ చేస్తారు, గ్రాఫ్ వస్తుంది, సర్టిఫికెట్ వస్తుంది. ఆ డేటా ఎక్కడిది, ఆ సంఖ్య ఎందుకు వచ్చింది అంటే నిశ్శబ్దం. ఏఐ చెడ్డదని నేననను, మంచి పిల్లలు మంచి పనులు చేస్తున్నారు, కానీ వాళ్ళు ప్రాబబిలిటీ, మాట్రిసెస్ దగ్గర కూర్చున్నవాళ్ళు, ఆ రెండూ మీవాడి కాలేజీ పుస్తకాల్లోనే ఉన్నాయి. పైగా నేర్చుకునే దశలో 80 వేల మెషీన్ అక్కర్లేదు. గూగుల్ కోలాబ్ బ్రౌజర్‌లో నడుస్తుంది, మొదలుపెట్టడానికి డబ్బు కట్టక్కర్లేదు, లెక్కలు చేసే మెషీన్ వాళ్ళది. లైబ్రరీలు ఎక్కట్లేదన్న గొడవ కూడా అక్కడ చాలావరకు ఉండదు.

ఒకవేళ కొత్తది కొనాల్సే వస్తే అది కూడా ఆర్కిటెక్చర్ అడిగి కొనండి. ఇప్పుడు విండోస్ ల్యాప్‌టాప్‌లు ఆర్మ్ చిప్‌లతోనూ వస్తున్నాయి, ఛార్జింగ్ బాగా నిలుస్తుంది, కానీ కాలేజీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు, పాత ప్రింటర్ల డ్రైవర్లు వాటిమీద మొరాయించొచ్చు. ముందు ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడగాలి, అదీ మీవాడే అడగాలి.

పోల్చమన్నారు కాబట్టి రెండు ముక్కలు. నెట్‌వర్కింగ్, లైనక్స్ నేర్చుకున్నది వృథా కాదు, ఏ దారికెళ్ళినా పనికొస్తుంది, అయితే సీఎస్ఈ పిల్లాడికి దానికోసం వేరే ఫీజు ఇప్పుడే ఎందుకు? ఏఐ అయితే మూడో ఏడు దాకా ఆగి, లెక్కలు ఎలా ఉన్నాయో చూసి మాట్లాడదాం. అప్పటిదాకా రెండింటికీ రూపాయి కట్టకండి. మీరు తప్పేం చేయలేదు, కాస్త ఎక్కువ చేశారంతే. వాడు రెండో ఏడులోనే ఉన్నాడు, టైముంది.

ఈ ఆదివారం ఆ అబౌట్ పేజీ తెరిచి, ర్యామ్ లైనూ సిస్టమ్ టైప్ లైనూ ఫొటో తీసి నాకు పంపమనండి. మీ ఫోన్ నుంచి కాదు సార్, వాడి ఫోన్ నుంచి.