ఉద్యోగం వదిలి ఆసియా తిరిగొస్తే మళ్ళీ ఇంట్లో ఇమడగలమా?

ఉద్యోగం మానేసి కొన్నాళ్ళు ఆసియా దేశాలు తిరిగిరావడం మంచిదేనా, వచ్చాక మళ్ళీ ఇంట్లో ఇమడగలమా అని అడిగారు. నేను ఇరవైల మధ్యలో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, వీపున ఒక బ్యాగుతో థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా తిరిగి తెనాలి దగ్గర మా ఊరికి వచ్చాను. మంచిదే, వెళ్ళండి. ఇమడగలరు కూడా. కాకపోతే దానికి టైం పడుతుంది. ఎక్కడ తిరగాలో చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు కాబట్టి, నేను ముందు తిరిగొచ్చాక జరిగేదే రాస్తాను.

శంషాబాద్‌లో దిగాక మొదటి వారం పండగలా గడిచింది. అమ్మ వండింది తినడం, నిద్రపోవడం. ఆ తర్వాత కష్టం మొదలైంది. ఇంటికొచ్చినవాళ్ళు అడిగేవి రెండే: ఎంత ఖర్చయింది, మళ్ళీ ఉద్యోగం ఎప్పుడు. ఫోన్లో ఫొటోలు చూపిస్తుంటే నాలుగైదు చూసి, బాగున్నాయమ్మా అని ఫోన్ చేతికిచ్చేసేవాళ్ళు. అన్నాళ్ళూ హాస్టల్ వంటింట్లో, పడవలో, బస్టాండులో ముక్కూముఖం తెలియనివాళ్ళతో గంటలు గంటలు మాట్లాడినదాన్ని, సొంత ఇంట్లో ఏం చెప్పాలో తెలియక కూర్చునేదాన్ని. అంత చూసొచ్చి ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఒంటరితనమే. దారిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు.

అందులోంచి నన్ను బయటికి లాగింది మా నాయనమ్మ. ఒక సాయంత్రం వరండాలో కూర్చుని, "ఏమే, ఆ దేశాల్లో వరి ఎట్లా వేస్తారే? ఊడుపులా, ఎదజల్లుతారా?" అని అడిగింది. అప్పటిదాకా నన్నెవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను.

థాయ్‌లాండ్ సరిహద్దు దాటగానే లావోస్‌లో హువై సాయ్ అనే ఊరు వస్తుంది. అక్కణ్ణుంచి మెకాంగ్ నది మీద లువాంగ్ ప్రబాంగ్‌కు స్లో బోట్ ఉంటుంది. రెండు రోజుల ప్రయాణం, రాత్రికి పాక్ బెంగ్ అనే చిన్న ఊళ్ళో ఆగుతుంది. రెండు గట్ల మీదా కొండలే. చరియల మీద చెట్లు కొట్టి, తగలబెట్టి, కర్రతో గుంటలు పొడిచి అందులో వడ్లు వేస్తారు. "పోడన్నమాట" అంది నాయనమ్మ వెంటనే. నీళ్ళు కట్టరు, వాన పడితేనే పంట. లావోస్ వాళ్ళు రోజూ తినేది జిగురు బియ్యం. రాత్రి నానబెట్టి, పొద్దున వెదురు బుట్టలో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. చేత్తో ముద్ద చేసి, కారంగా నూరిన పచ్చడి అద్దుకుని తింటారు. దానికి నాయనమ్మ ప్రశ్న: "ఆవిరి మీద వండితే గంజి రాదుగా. మరి పశువులకేం పోస్తారు?" నాకు తెలియదు. లువాంగ్ ప్రబాంగ్‌లో నేనున్న గెస్ట్‌హౌస్ అమ్మాయికి మెసేజ్ పెట్టి అడిగాను. నానబెట్టిన నీళ్ళు పందులకు పోస్తామని ఆమె జవాబిచ్చింది, అడిగినందుకు సంతోషపడుతూ. ఆ రాత్రి ఇంకో నాలుగు ప్రశ్నలు అటూ ఇటూ నడిచాయి.

వియత్నాంలో మెకాంగ్ డెల్టాలో కొన్నిచోట్ల ఏడాదికి మూడు వరి పంటలు తీస్తారంటే నాయనమ్మ మొదట నమ్మలేదు. "మూడూ వరేనా? మరి మినుము ఎప్పుడు చల్లుతారు?" అంది. మా వైపు సార్వా కోతకు ముందే చేలో మినుములు చల్లేస్తారు, ఆమె లెక్కంతా దాన్నిబట్టే. పొలానికి విశ్రాంతి లేకుండా మూడు పంటలు తీస్తే భూమి ఏమైపోతుందోనని ఆమె బాధపడింది. డెల్టా చుట్టూ ఎత్తుగా కట్టలు కట్టేసరికి వరదతో వచ్చే ఒండ్రు చేలకు అందడం లేదన్నది అక్కడివాళ్ళ బాధ కూడా.

లావోస్ బాంబుల గురించి చెప్పినప్పుడు మాత్రం నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. అందులో క్లస్టర్ బాంబుల నుంచి రాలిన చిన్న బాంబులే 27 కోట్లని అంచనా, వాటిలో దాదాపు మూడో వంతు పేలలేదంటారు. అవి ఇప్పటికీ పొలాల్లో, అడవుల్లో ఉన్నాయి. లువాంగ్ ప్రబాంగ్‌లో పేలని బాంబుల గురించి చెప్పే చిన్న కేంద్రం ఒకటుంది. తెల్లవారుజామున సన్యాసులు వరసగా వచ్చి జిగురు అన్నం భిక్ష తీసుకునే దృశ్యం కోసం అందరూ ఆ ఊరు వెళతారు. దాన్ని దూరంగా నిలబడి చూడండి, సన్యాసుల మొహాల మీదికి కెమెరాలు పెట్టేవాళ్ళలో కలవకండి. ఆ తర్వాత ఈ కేంద్రానికి తప్పకుండా వెళ్ళండి. "నాగలి పెట్టాలన్నా ప్రాణభయమేనా" అని నాయనమ్మ అడిగిన మాటకు నేనివ్వగలిగిన జవాబు అక్కడ చూసినదే.

అప్పుడర్థమైంది నాకు. మనవాళ్ళకు మన ప్రయాణం మీద ఆసక్తి లేక కాదు, పట్టుకోవడానికి వాళ్ళకో కొస కావాలి. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. నేను తిరిగినన్నాళ్ళూ ఫోన్లో "తిన్నావా, జాగ్రత్త" తప్ప మాట్లాడలేదు. 2021 డిసెంబరులో మొదలైన లావోస్–చైనా రైలు గురించి చెప్పాను. లువాంగ్ ప్రబాంగ్ నుంచి రాజధాని వియంటియాన్‌కు కొండలు తొలిచిన సొరంగాల్లోంచి రెండు గంటల్లో తీసుకెళుతుంది. ఆయన మొదటి ప్రశ్న "గేజ్ ఎంత?" లావోస్‌ది స్టాండర్డ్ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. నది అవతల థాయ్‌లాండ్‌ది మీటర్ గేజ్. అంటే ఇటు సరుకు అటు వెళ్ళాలంటే వియంటియాన్‌లో ఒక బండి నుంచి దించి ఇంకో బండికి ఎక్కించాల్సిందే. నాన్న లేచి కూర్చున్నారు. గుంటూరు–గుంతకల్లు మీటర్ గేజ్ రోజుల సంగతులు నేను మొదటిసారి విన్నది ఆ రోజే. అమ్మది ఇంకో దారి. కంబోడియాలోని అంగ్కోర్ వాట్ గుడి గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున చెక్కిన క్షీరసాగర మథనంలో, వాసుకి తోక దగ్గర ఒక వానరుడు నిలబడి ఉంటాడు. అక్కడ వానరుడికేం పని అని ఆమె ఇప్పటికీ అడుగుతుంటుంది.

గుంటూరు జిల్లావాళ్ళకు ఇంకొకటి చెప్పాలి. మధ్య వియత్నాంలో డనాంగ్ చామ్ శిల్పాల మ్యూజియం, అక్కడికి దగ్గర్లో "మీ సన్" అనే చోట ఉన్న శివాలయాలు చూడండి. చామ్ ప్రజల పాత చంపా రాజ్యంలో ఆ ప్రాంతాన్ని అమరావతి అనేవారు. అక్కడే డాంగ్ డువాంగ్‌లో దొరికిన కంచు బుద్ధుడు ఇప్పుడు హో చి మిన్ సిటీలోని చరిత్ర మ్యూజియంలో ఉన్నాడు. ఆ శిల్పరీతి మన అమరావతిదని కొందరు పండితులు, శ్రీలంకదని కొందరు అంటారు. మీ సన్ గుడులు 1969 అమెరికా బాంబుదాడిలో బాగా దెబ్బతిన్నాయి. మన పురావస్తు శాఖవాళ్ళు అక్కడ మరమ్మతులు చేస్తుండగా 2020లో ఒక ఏకశిలా శివలింగం బయటపడింది. ఇంటికొచ్చాక నాన్నతో మన అమరావతికి వెళ్ళాను. అక్కడి ఫలకాల్లో ముఖ్యమైనవి చాలా భాగం చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. ఒకచోట బాంబులు పడి, ఇంకోచోట పెళ్ళగించి పట్టుకుపోయి, రెండూ ఖాళీ అయ్యాయి. ఆ దిగులు నాకింకా ఉంది.

ఇక మీ రెండో దిగులు, ఉద్యోగం. ఖాళీ ఎందుకొచ్చిందని ఇంటర్వ్యూల్లో అడుగుతారు. ప్రయాణం చేశానని నేరుగా చెప్పాను. కొందరు మొహం ముడిచారు, ఒకరు ఇష్టంగా విన్నారు, అక్కడే చేరాను. వెంటనే మాత్రం రాలేదు. అందుకే తిరగడానికి దాచుకున్న డబ్బు కాక, వచ్చాక నాలుగైదు నెలలు బతకడానికి వేరే ఖాతాలో డబ్బు పెట్టుకుని, దారిలో దాని జోలికి వెళ్ళకండి. తిరిగొచ్చిన దిగులుకు చేతిలో పైసా లేకపోవడం కూడా తోడైతే, వచ్చిన మొదటి ఉద్యోగంలో ఏడుస్తూ చేరాల్సి వస్తుంది.

ఎక్కువ దేశాలు పెట్టుకోకండి, సరిహద్దులు వీలైనంత వరకు నేల మీదే దాటండి. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి, టికెట్ కొనేముందు ఆయా దేశాల అధికారిక సైట్లలో చూసుకోండి. అమ్మాయిలైతే హాస్టళ్ళలో ఆడవాళ్ళకు విడిగా ఉండే డార్మిటరీ తీసుకోండి, కొత్త ఊరికి చీకటిపడకముందే చేరేలా బస్సు చూసుకోండి. ఉత్తర లావోస్, థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వైపు నవంబరు, జనవరి మధ్య బాగుంటాయి. మార్చిలో వెళితే పోడు పొగకు కొండలు కనిపించవు, గొంతు మండుతుంది. డనాంగ్ వైపు అక్టోబరు, నవంబరుల్లో వరదలొస్తాయి, కాబట్టి ముందు లావోస్ చూసుకుని అటు ఫిబ్రవరిలో వెళ్ళండి.