రాయి పేరు కంటే ముందు కొండ పేరు

వికారాబాద్ అనంతగిరి కొండల్లో నడుస్తుంటే రెండు రాళ్లు దొరికాయని, ఫోటోలు చూసి వాటి పేర్లు చెప్పమని, విలువైనవేనా అని మీరు అడిగారు. ఒకటి తుప్పు రంగులో తూట్లు పడి ఉంది. రెండోది నల్లరాయి, దాని గుంటలో తెల్లటి స్ఫటికాలు మెరుస్తున్నాయి.

మొదటిదాని పేరు ఫోటో తెరవకముందే ఊహించాను. అనంతగిరి అన్నారు కాబట్టి అది లాటరైట్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను కప్పేసిన లావా తూర్పు అంచుల్లో వికారాబాద్ ప్రాంతం ఒకటి. ఆ లావా గడ్డకట్టి నల్లటి బసాల్ట్ అయింది. పైపొర వేల వేల వానాకాలాలు నాని, కరిగేదంతా కరిగి కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం మాత్రం మిగిలిపోతే అదే లాటరైట్. కొండ నెత్తిన టోపీలా ఉంటుంది. డబ్బు రాదు, నిరాశ పడకండి.

అదే మీరు హైదరాబాద్ శివార్లలో తూట్లు పడిన నల్లరాయి దొరికిందని చెప్పి ఉంటే నాకు వెంటనే అనుమానం వచ్చేది. అక్కడిదంతా సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు. దాని మధ్య అలాంటి రాయి కనిపిస్తే ఎవరో తెచ్చి పడేసిందే అయి ఉండాలి. అందుకే రాయి ఎలా ఉందన్నదాని కంటే ఎక్కడ పడి ఉందన్నది నాకు ముఖ్యం. ఈ మాట నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

పదేళ్ల కిందట నిజామాబాద్ వైపు ఒక గ్రానైటు గుట్ట దిగుతుంటే చేను గట్టున పిడికెడంత నల్లరాయి దొరికింది. చేతిలోకి తీసుకుంటే అనుకున్న దానికంటే బరువు. ఒకవైపు గాజులా నున్నగా, మరోవైపు బుడగలు బుడగలుగా ఉంది. అయస్కాంతం పెడితే అతుక్కుంది. ఇంకేముంది, ఉల్క అని తేల్చేశాను. తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చి, అద్దాల బీరువాలో పెట్టి, వచ్చిన ప్రతి చుట్టానికీ అంతరిక్షం గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఫోటో తీసి పెడితే పేరు చెప్పే ఫోను యాప్‌లు మూడు వాడాను. ఒకటి బసాల్ట్ అంది, ఒకటి అగ్నిపర్వతపు గాజు అంది, మూడోది నా మనసెరిగి ఉల్కే అంది. మరోసారి అటు వెళ్లినప్పుడు రాయిని వెంట తీసుకెళ్లి, టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన అరచేతిలో ఒకసారి ఎగరేసి చూసి, "చిట్టెం బాబూ ఇది. దుక్కి దున్నితే గంపల కొద్దీ వస్తుంది, మేం గట్టు మీద పారేస్తాం" అన్నారు.

చిట్టెం అంటే ఇనుము కరిగించినప్పుడు మిగిలే పిప్పి. పర్షియా వర్తకులు వచ్చి ఉక్కు కొనుక్కుపోయిన కోనసముద్రం ఆ జిల్లాలోనే ఉందని నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. చుట్టూ గ్రానైటే ఉన్నచోట ఈ నల్లరాయికి ఏం పని అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. పైగా ఉల్కల్లో అలాంటి గాలిబుడగలు ఉండటం చాలా అరుదు. ఆ చిట్టెం ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది.

ఇక మీ రెండో రాయి. ఆసక్తికరమైనది ఇదే. లావా చల్లబడేటప్పుడు లోపల చిక్కుకున్న వాయువు బుడగల్లా ఖాళీలు వదులుతుంది. తర్వాత ఆ ఖాళీల్లోకి ఖనిజాలు కలిసిన నీరు ఊరి, స్ఫటికాలు పేరుకుంటాయి. బసాల్ట్‌లో అలా కనిపించే తెల్లవాటిలో ముఖ్యమైనవి మూడు: పలుగురాయి, కాల్సైట్, జియోలైట్. ఫోటోలో మూడూ ఒకేలా ఉంటాయి, కాబట్టి ఈ పని మీరే చేయాలి.

ఒక ఇనుప మేకు తీసుకుని స్ఫటికం మీద గట్టిగా గీయండి. గీత పడినట్టు కనిపించగానే సంబరపడకండి, వేలితో తుడిచి చూడండి. బూడిదరంగు గీత చెరిగిపోతే రాయి మీద పడింది మేకు పొడి. అంటే రాయే మేకును అరగదీసింది, అది చాలావరకు పలుగురాయే. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ లెక్కలో దానిది 7, మామూలు మేకుది 5 లోపే. తుడిచాక కూడా గాడి మిగిలి, వేలికి తెల్లపొడి అంటితే మిగతా రెండింటిలో ఒకటి. ఆ పొడి మీద ఒక చుక్క వెనిగర్ వేసి భూతద్దంతో చూడండి. సన్నని బుడగలు లేస్తే కాల్సైట్. ఏమీ లేవకుండా, స్ఫటికాలు సూదుల్లాగో, నడుం దగ్గర కట్టిన పనలాగో ఉండి ముత్యంలా మెరుస్తుంటే జియోలైట్ అనుకోవచ్చు. వెనిగర్ లేకపోతే నిమ్మరసం చాలు.

నా సంచిలో ఇవి కాక అయస్కాంతం ఒకటి, విరిగిన పింగాణీ కప్పు ఒకటి ఉంటాయి. కప్పు అడుగున మెరుపుపూత లేని గరుకు అంచు మీద రాయిని గీస్తే అసలు రంగు బయటపడుతుంది. హెమటైట్ అనే ఇనుప ఖనిజం పైకి నల్లగా, వెండిలా ఎలా ఉన్నా దాని గీత ఎర్రమట్టి రంగే. బంగారంలా మెరిసే పైరైట్ గీస్తే నలుపు, కాస్త ఆకుపచ్చ ఛాయతో. అసలు బంగారం గీత పసుపే. ఇక గూడూరు వైపు దారిలో తళతళలాడే రేకుల సంగతికి ఏ కప్పూ అక్కర్లేదు. గోటితో పొర లేచి, వంచి వదిలితే మళ్లీ నిటారుగా వచ్చేది అభ్రకం. మనవాళ్లు దానికి ఊరికే కాకిబంగారం అని పేరు పెట్టలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష వంటింటిలోది. కడప వైపు మంగంపేటలో చుట్టాల ఇంటి ప్రహరీ పక్కన ఒక బూడిదరంగు రాయి దొరికింది. చూడటానికి ఏ విశేషమూ లేదు, ఎత్తితే మాత్రం చెయ్యి కిందికి లాగింది. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద తూచితే 212 గ్రాములు. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి అంకెను సున్నా చేసి, రాయిని దారంతో కట్టి గిన్నె అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో వేలాడదీశాను. కాటా 48 చూపించింది, అంటే రాయంత పరిమాణం నీటి బరువు అది. 212ను 48తో భాగిస్తే దాదాపు 4.4, అంటే రాయి నీటికి అన్ని రెట్లు బరువు. పలుగురాయికి 2.65, కాల్సైట్‌కు 2.7 వస్తుంది. లోహపు మెరుపు లేని మామూలు రాయి ఇంత సాంద్రంగా ఉందంటే, అదీ మంగంపేటలో, అది ముగ్గురాయే. బెరైటీస్ అని పేపర్లలో చదివేది దాని గురించే. అంతసేపూ చెయ్యి వణక్కుండా దారం పట్టుకున్న మా మేనకోడలికే ఆ రాయి ఇచ్చేశాను.

విశాఖ కొండలెక్కేవారికి ఒక మాట. అక్కడి కొండల్లో ఉండే ఖోండలైట్ అనే రాతిలో ఆవగింజంత నుంచి శనగగింజంత ముదురు ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. అవి గార్నెట్లే, కెంపులు కావు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాలు వెతకడం చూసి చాలామంది గాజు మీద గీత పడితే వజ్రమే అనుకుంటారు. పలుగురాయి కూడా గాజును శుభ్రంగా గీస్తుంది.

సుత్తి తీసుకెళ్లకండి. అటవీ చట్టం ప్రకారం అడవిలోని రాళ్లు, ఖనిజాలు కూడా అటవీ ఉత్పత్తులే. అభయారణ్యాల్లో ఇంకా కఠినంగా ఉంటారు. నేను ఇప్పుడు చాలావరకు ఫోటో తీసుకుని, అక్కడే గీసి చూసి, రాయిని వదిలేసి వస్తాను. పక్కన ఒక నాణెం పెట్టి తీయండి, పరిమాణం తెలుస్తుంది. తర్వాత పది అడుగులు వెనక్కి జరిగి, రాయి పడి ఉన్న చోటంతా వచ్చేలా ఇంకొకటి తీయండి. రెండోదే నాకు ఎక్కువ పనికొస్తుంది. వెళ్లే ముందు భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ వారి భూకోశ్ పోర్టల్‌లో ఆ ప్రాంతపు పటం చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. అది ఉచితం.

నారలు నారలుగా ఊడే రాయి ఎదురైతే గీయకండి, పొడి చేయకండి. అది రాతినార కావచ్చు, దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మీ రెండో రాయి మేకుకు లొంగిందో లేదో, వెనిగర్‌కు బుడగలు వచ్చాయో లేదో రాయండి. నా పందెం పలుగురాయి మీద.