గే హీరో ఉన్న గూఢచారి నవలలు: జాకీ హోమ్స్ నాకెలా దొరికాడంటే

“జేమ్స్ బాండ్ తరహా కథల్లో గే హీరో ఎప్పుడైనా ఉన్నాడా? ఉంటే చదవదగ్గవేనా?” అని అడిగారు. ఉన్నాడండీ, 1966లోనే ఉన్నాడు. పేరు జాకీ హోమ్స్.

ఆ ఏడాదే మనకు కృష్ణ గారి గూఢచారి 116 వచ్చింది. ఎక్కడ చూసినా బాండ్ గాలి వీస్తున్న రోజులు. అమెరికాలో ‘ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్’ అనే టీవీ సీరియల్ నడుస్తోంది. దానికి పేరడీగా విక్టర్ బ్యానిస్ అనే రచయిత, డాన్ హాలిడే అనే కలం పేరుతో ‘ద మ్యాన్ ఫ్రమ్ క్యాంప్’ రాశాడు. ఆ తర్వాత అదే హీరోతో వరసగా ఇంకొన్ని వచ్చాయి. అన్నీ చవక పాకెట్ పుస్తకాలే.

క్యాంప్ అనేది గేలను కాపాడే రహస్య సంస్థ. వాళ్లను అణిచేయడానికి పుట్టిన శత్రు ముఠా పేరు బుచ్. జాకీ సన్నగా, బంగారు రంగు జుట్టుతో సుకుమారంగా కనిపిస్తాడు. ఆ సుకుమారం చూసి మీదకొచ్చిన వాడి పని అయిపోయినట్టే. తోడుగా సోఫీ అనే తెల్ల పూడిల్ కుక్కపిల్ల. ముద్దుగా ఉంటుంది కానీ పళ్లు మాత్రం బ్లేడుల్లా ఉంటాయి.

నేను అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు, ఒక పాత పుస్తకాల షాపులో 2004 నాటి పునర్ముద్రణ దొరికింది. నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నా సంగతి ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు స్కూలు పుస్తకాలకు వేసినట్టే దానికి బ్రౌన్ పేపర్ అట్ట వేసుకున్నాను. ఒక రాత్రి రూమ్మేట్ తలుపు దగ్గర నిలబడి “ఏం చదువుతున్నావన్నా, అంత నవ్వుకుంటున్నావ్?” అన్నాడు. “డిటెక్టివ్ నవల రా” అన్నాను. గుండె దడదడా కొట్టుకుంటోంది. వాడు వెళ్లిపోయాక చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

అప్పుడే ఈ పేరడీ ఎంత లోతైనదో అర్థమైంది. 1953లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇచ్చిన ఉత్తర్వుతో గేలను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేయడం ఇంకా ఎక్కువైంది. వీళ్లను బ్లాక్‌మెయిల్ చేసి దేశ రహస్యాలు లాగేస్తారు, వీళ్లను నమ్మకూడదు అనేది వాదన. 1957లో ఉద్యోగం పోగొట్టుకున్న ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ కామెనీ సుప్రీం కోర్టు దాకా వెళ్లినా, వాళ్లు కేసే వినలేదు. బ్యానిస్ సరిగ్గా అలాంటి మనిషినే తీసుకొచ్చి గూఢచారిని చేశాడు. ఆలోచించండి, మారుపేరు, సంకేత భాష, ఎవరి ముందు ఏ మాట అనాలో క్షణంలో తేల్చుకోవడం, ఇవన్నీ మాకు ఎవరు ట్రైనింగ్ ఇచ్చారు? అట్ట వేసిన పుస్తకం పట్టుకుని ఆ రాత్రి నేను చేసిన పనీ అదే కదా.

ఇంకొకటి చెప్పాలి. అప్పటి నవలల్లో గే పాత్రకు ఎక్కువగా ఆత్మహత్యో, పిచ్చో, పశ్చాత్తాపమో రాసిపెట్టి ఉండేవి. జాకీకి అవేవీ లేవు. కేసు గెలుస్తాడు, ప్రేమిస్తాడు, హాయిగా ఉంటాడు. 1969లో న్యూయార్క్‌లో గేలు పోలీసుల మీద తిరగబడ్డ స్టోన్‌వాల్ తిరుగుబాటుకి మూడేళ్ల ముందు ఇలా రాయడానికి గుండె కావాలి. అప్పటికే బ్యానిస్ మీద ఇంకో పుస్తకం విషయంలో అయోవా రాష్ట్రంలో అశ్లీలత కేసు నడిచింది. నిర్దోషిగా బయటపడి, భయపడి మానేయకుండా ఇంకా రాశాడు.

చదవదగ్గవేనా అంటే, నా మటుకు తప్పకుండా. కథ కొన్నిచోట్ల హడావిడిగా ఉరుకుతుంది, కొన్ని జోకులు ఆ కాలానివి, ఇప్పుడు అంత పేలవు. శృంగారం కూడా ఉంది, అది దృష్టిలో పెట్టుకోండి. మొదటి నవలతోనే మొదలుపెట్టండి. 2019లో బ్యానిస్ పోయారని తెలిసిన రోజు నా కాపీ మళ్లీ తీశాను. అట్ట ఎప్పుడో తీసేశాను. ఇప్పుడది హాల్లో షెల్ఫ్‌లో, అమ్మ పంపిన భాగవతం పక్కనే ఉంటుంది.